బెరీత్: పలకలు పగిలినా తెగని బంధం

 

కార్తీక మాసంలో దీక్షల మీద మనం పెట్టిన వీడియో కింద ఒక తమ్ముడు ఇలా రాశాడు: "అక్కా, 41 రోజుల దీక్ష తీసుకున్నాను. 23వ రోజు నియమం తప్పాను. సగం ఆఫీసు పని వల్ల, సగం నా బద్ధకం వల్ల. మాల తీసేశాను. ఇంక స్వామికీ నాకూ మధ్య ఉన్నది తెగిపోయినట్టేనా?"

ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. దీక్ష తప్పితే ఏం చెయ్యాలో మీ గురుస్వామి చెప్తారు, అది నేను చెప్పే విషయం కాదు. కానీ "మాట తప్పితే బంధం తెగుతుందా?" అనే ప్రశ్న ఉంది చూశారా, దాన్ని రెండు వేల ఏళ్ళకు పైగా పట్టుకుని ఆలోచిస్తున్న ఒక జాతి ఉంది. వాళ్ళే యూదులు. మన "ఇతర ధర్మాలు తెలుసుకుందాం" సిరీస్‌లో ఈ వారం వీడియో వాళ్ళ గురించే. వీడియోలో పట్టని విషయాలు ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. కాఫీ పక్కన పెట్టుకుని చదవండి.

"షరతులు వర్తిస్తాయి" కాదు

ముందు మాట దగ్గర మొదలుపెడదాం. యూదుల భాష హీబ్రూలో ఆ మాట "బెరీత్". తెలుగు బైబిల్లో దీన్ని "నిబంధన" అన్నారు. పాత నిబంధన, కొత్త నిబంధన అని మీరు వినే ఉంటారు. ఇబ్బంది ఏంటంటే, ఈ రోజు నిబంధన అనగానే మనకి గుర్తొచ్చేది ట్రాఫిక్ నిబంధనలు, బ్యాంకు నిబంధనలు, ప్రకటన కింద చిన్న అక్షరాల్లో ఉండే "షరతులు వర్తిస్తాయి". అందుకే నేను "ఒడంబడిక" అంటాను. అదీ పూర్తిగా సరిపోదు, కానీ కొంచెం దగ్గరగా ఉంటుంది.

ఒప్పందానికీ బెరీత్‌కీ తేడా ఏంటి? మీ ఫ్లాట్ అద్దె కాగితం చూడండి. మీరు అద్దె కట్టాలి, ఓనర్ ఇల్లు ఇవ్వాలి. ఎవరు తప్పినా కాగితం రద్దు, ఎవరి దారి వాళ్ళది. బ్రిటన్‌లో ప్రధాన రబ్బీగా పనిచేసిన జొనాథన్ శాక్స్ గారు ఈ తేడాని తన పుస్తకాల్లో చాలాసార్లు వివరించారు. ఆయన చెప్పినదాని సారాంశం ఇది: ఒప్పందంలో ఇద్దరూ తమ తమ లాభం చూసుకుంటారు. ఒడంబడికలో ఇద్దరూ కలిసి "మనం" అవుతారు. పెళ్ళి లాంటిదన్నమాట. అందుకే హోషేయ అనే ప్రవక్త దేవుడికీ ఇశ్రాయేలు ప్రజలకీ ఉన్న బంధాన్ని భార్యాభర్తల బంధంగానే చెప్పాడు. ఈ రోజుకీ చాలామంది యూదులు ఉదయం ప్రార్థనలో తెఫిల్లిన్ అనే తోలు పట్టీని వేలికి మూడు చుట్లు చుట్టుకుంటూ, హోషేయ గ్రంథంలోని పెళ్ళి నిశ్చయపు మాటలే చదువుకుంటారు. రోజూ పొద్దున్నే ఒక పెళ్ళి ఉంగరం!

ఆకాశంలో విల్లు

తోరాలో, అంటే యూదుల మూల గ్రంథంలో, మొదటి పెద్ద ఒడంబడిక యూదులతో కాదు, అందరితోనూ. జలప్రళయం తగ్గాక దేవుడు నోవహుతో, అతని సంతానంతో, ఓడలోంచి దిగిన ప్రతి జంతువుతో, పక్షితో కూడా మాట ఇస్తాడు: ఇంకెప్పుడూ ప్రళయంతో భూమిని నాశనం చెయ్యను అని. దానికి గుర్తు ఇంద్రధనుస్సు.

హీబ్రూలో ఇంద్రధనుస్సుకి వాడే మాటకి "విల్లు" అనే అర్థం. మన తెలుగులోనూ అంతే కదా! 13వ శతాబ్దంలో రంబాన్ అనే గొప్ప వ్యాఖ్యాత ఉండేవాడు. ఆయన వ్యాఖ్యలో ఒక అందమైన వివరణ ఉంది: ఆ విల్లు కొసలు కిందికి ఉన్నాయి, అంటే అది భూమి మీదకి ఎక్కుపెట్టిన విల్లు కాదు, తిప్పి పెట్టేసిన విల్లు. యుద్ధం అయిపోయిందని గుర్తు. యూదులు ఇంద్రధనుస్సు కనబడితే ఇప్పటికీ ఒక చిన్న ప్రార్థన చెప్తారు, దేవుడు తన మాట గుర్తుంచుకున్నాడని.

నడిచింది ఎవరు?

రెండోది అబ్రాహాముతో. అప్పటికి అతని పేరు అబ్రాము. పిల్లల్లేని ముసలివాడు. అతనితో దేవుడు నీ సంతానం నక్షత్రాలంత అవుతుంది అంటాడు. తర్వాత జరిగే తంతు మనకి చదవడానికి కష్టంగానే ఉంటుంది. జంతువుల్ని రెండుగా కోసి, ఆ భాగాల్ని ఎదురెదురుగా పెడతారు. ఆ కాలంలో మాట ఇచ్చేవాళ్ళు ఆ ముక్కల మధ్య నుంచి నడిచేవాళ్ళు. "మాట తప్పితే నాకూ ఇదే గతి" అని అర్థం. హీబ్రూలో ఒడంబడిక "చేసుకోవడం" అనరు, "కోయడం" అంటారు. ఈ ఆచారం వల్లే ఆ పలుకుబడి వచ్చిందని చాలామంది పండితులు అంటారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. చీకటి పడ్డాక ఆ ముక్కల మధ్య నుంచి పొగ లేచే కుంపటి, మండే కాగడా సాగిపోతాయి. అవి దేవుడి సన్నిధికి గుర్తులు. మరి అబ్రాము? అతను నడవలేదు. గాఢనిద్రలో ఉన్నాడు. అంటే ఆ రోజు ప్రమాణం బరువంతా ఒక్క వైపే పడింది. చిన్నవాడి వైపు కాదు, పెద్దవాడి వైపు. తమ్ముడూ, నీ ప్రశ్నకి జవాబు ఇక్కడే మొదలవుతుంది.

అబ్రాహాము వంతు లేదా అంటే, ఉంది. తర్వాత అతని పేరు అబ్రాహాము అవుతుంది, భార్య శారయి శారా అవుతుంది, మగపిల్లలకి ఎనిమిదో రోజున సున్తీ చెయ్యాలన్న ఆజ్ఞ వస్తుంది. ఆ సంస్కారం పేరే "బ్రిత్ మిలా", అంటే సున్తీ ఒడంబడిక. ఇంకో సంగతి: ఈ బంధంలో దేవుణ్ణి నిలదీయొచ్చు కూడా. సొదొమ నగరాన్ని నాశనం చేస్తానంటే అబ్రాహాము బేరానికి దిగుతాడు. 50 మంది మంచివాళ్ళుంటే? 45? చివరికి 10 దాకా తెస్తాడు. దేవుడు కోప్పడడు, వింటాడు.

కొండ కింద జనం

మూడోది సీనాయి కొండ దగ్గర. ఈజిప్టులో బానిసలుగా ఉన్నవాళ్ళు బయటపడి ఎడారిలోకి వచ్చారు. మోషే కొండెక్కి పది ఆజ్ఞలు తెచ్చాడు. ఆ పది మాటలు ఆజ్ఞతో మొదలవ్వవు. నిన్ను బానిసత్వం నుంచి బయటికి తెచ్చింది నేనే అన్న గుర్తుచేతతో మొదలవుతాయి. ముందు ఉపకారం, తర్వాత నియమం. జార్జ్ మెండెన్‌హాల్ అనే పరిశోధకుడు 1954లో ఒక పోలిక చూపించాడు: ప్రాచీన హిట్టయిట్ రాజులు సామంతులతో రాసుకున్న సంధుల్లోనూ మొదట "నేను నీకు చేసిన మేలు ఇది" అని ఉంటుంది, తర్వాతే షరతులు. తేడా ఏంటంటే ఆ సంధులు రాజుకీ రాజుకీ మధ్య. సీనాయిలో ఎదుటి పక్షం రాజు కాదు. నిన్నటిదాకా ఇటుకలు మోసిన జనం మొత్తం.

జనం ఏమన్నారు? ముందు "చేస్తాం" అన్నారు, తర్వాత "వింటాం" అన్నారు. సరిగ్గా తిరగేసి! యూదు గురువులు ఈ వరుసనే మెచ్చుకుంటారు. ఈత నేర్చుకోవాలంటే నీళ్ళలోకి దిగాలి కదా, అలాగ. రబ్బీల లెక్కలో తోరాలోని ఆజ్ఞలు మొత్తం 613. చెయ్యమన్నవి 248, చెయ్యొద్దన్నవి 365.

కానీ అదే గురువులు తాల్ముద్‌లో ఇంకో కథ కూడా దాచకుండా పెట్టారు. దేవుడు కొండని పైకెత్తి జనం నెత్తి మీద బోర్లించి పట్టుకున్నాడట, ఒప్పుకుంటే సరే, లేకపోతే ఇదే మీ సమాధి అని. మరి బెదిరించి తీసుకున్న మాటకి విలువేముంది? ఒక గురువు సరిగ్గా ఇదే అడిగాడు. దానికి రవా అనే గురువు ఇచ్చిన జవాబు: నిజమే, కానీ తర్వాత ఎస్తేరు రాణి కాలంలో ఎవరి బలవంతం లేకుండా వాళ్ళు మళ్ళీ మనసారా ఒప్పుకున్నారు. అంటే పుట్టుకతో వచ్చిన బంధాన్ని పెద్దయ్యాక మనం మళ్ళీ ఎంచుకోవాలి అన్నమాట.

పగిలిన పలకలు ఎక్కడున్నాయి?

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నా.

మోషే కొండ మీద 40 రోజులున్నాడు. కింద జనానికి భయమేసింది. బంగారంతో దూడని చేసి దాని చుట్టూ పండగ చేసుకున్నారు. మాట ఇచ్చి రెండు నెలలు కూడా కాలేదు! మోషే దిగి వచ్చి చూసి చేతిలోని రాతి పలకల్ని నేలకేసి కొట్టాడు. ముక్కలైపోయాయి. కథ అక్కడ ఆగిపోవాలి, అద్దె కాగితం చింపేసినట్టు.

ఆగలేదు. మోషే జనం తరఫున వాదించాడు, క్షమాపణ తెచ్చాడు, మళ్ళీ కొండెక్కాడు, రెండో జత పలకలు తెచ్చాడు. సంప్రదాయం ప్రకారం ఆ రెండో జత చేతికొచ్చిన రోజే యోమ్ కిప్పూర్, యూదుల సంవత్సరంలో అన్నిటికన్నా పవిత్రమైన రోజు.

మరి ఆ మొదటి పలకల ముక్కల్ని ఏం చేశారు? తాల్ముద్ చెప్తుంది: మందసంలో, అంటే ఆ పవిత్రమైన పెట్టెలో, కొత్త పలకలతో పాటు పగిలిన ముక్కల్ని కూడా పెట్టారు. ఎడారంతా రెండింటినీ కలిపే మోశారు. ఇది చదివినప్పుడు నేను ఆగిపోయాను. దీన్నుంచి గురువులు తీసిన పాఠం ఇంకా గట్టిది: వయసు మీదపడి, చదువంతా మరచిపోయిన పండితుడిని తక్కువ చేసి చూడకు, ఎందుకంటే పగిలిన పలకలు కూడా మందసంలోనే ఉన్నాయి.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. మా తాతయ్య నాకు చిన్నప్పుడు విష్ణు సహస్రనామం నేర్పారు. నేను ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చేటప్పుడు, ప్రతి శనివారం సాయంత్రం ఫోన్లో ఆయనతో కలిసి చదువుతానని మాటిచ్చాను. ఒక ఏడాది చదివాను. తర్వాత ట్రాఫిక్, స్నేహితులు, అలసట. మానేశాను. ఈలోగా తాతయ్యకి మతిమరుపు జబ్బు వచ్చింది. ఒకసారి ఊరెళ్ళినప్పుడు ఆయన మొదటి శ్లోకం దగ్గరే ఆగిపోయి నా మొహం చూశారు. నేను అందించకుండా నీళ్ళు తెస్తానని లేచి వెళ్ళిపోయాను. చూడలేక. ఆ తర్వాత ఇంటికి వెళ్ళడమే తగ్గించాను. దేవుడి కబుర్లు వీడియోలో చెప్పే నేను!

పగిలిన పలకల కథ చదివిన ఆ వారమే బస్సెక్కాను. తాతయ్య పక్కన కూర్చుని నేను చదివాను. ఆయనకి నామాలు రాలేదు. కానీ మధ్యమధ్యలో వేళ్ళు లెక్క పెడుతూనే ఉన్నాయి. నేను తప్పిన మాట, ఆయన మరచిన చదువు, రెండూ ఆ గదిలోనే ఉన్నాయి. ఇప్పుడు శనివారాలు మళ్ళీ మొదలయ్యాయి. అమ్మ ఫోన్ ఆయన చెవి దగ్గర పెడుతుంది.

మొక్కు వేరు, బెరీత్ వేరు

యూదులు ఈ రెండింటినీ చాలా స్పష్టంగా విడదీశారు. మనిషి తనంతట తాను దేవుడికి చేసుకునే ప్రమాణాన్ని "నెదెర్" అంటారు. మన మొక్కుకి దగ్గరగా ఉంటుంది. నెదెర్‌ని వాళ్ళు తేలిగ్గా తీసుకోరు, అసలు చేసుకోకపోవడమే మంచిదంటారు. కానీ మనిషి బలహీనుడని వాళ్ళకి తెలుసు. అందుకే విడుదలకి దారి పెట్టారు. కొత్త సంవత్సరం రోష్ హషానా ముందు ముగ్గురి ఎదుట నిలబడి తమ ప్రమాణాల నుంచి విడుదల కోరతారు. యోమ్ కిప్పూర్ మొదలయ్యే సాయంత్రం "కోల్ నిద్రే" అని అరమాయిక్ భాషలో పఠించేది కూడా ప్రమాణాల రద్దు గురించే.

ఒక హెచ్చరిక: ఇది దేవుడికిచ్చిన ప్రమాణాలకే. సాటి మనిషికిచ్చిన మాట ఇలా రద్దవ్వదు. వాళ్ళ ధర్మశాస్త్రం మిష్నా ప్రకారం, పక్కవాడికి చేసిన తప్పుని యోమ్ కిప్పూర్ ఉపవాసం కూడా కడగలేదు, ముందు వాడి దగ్గరికెళ్ళి వాణ్ణి సమాధానపరచాలి.

నెదెర్‌కి విడుదల ఉంది. మరి బెరీత్‌కి? లేదు. ఎందుకంటే అది మనం ఒక్కళ్ళం కట్టుకున్నది కాదు. తప్పితే ఫలితం ఉంటుంది, ప్రవక్తలు గట్టిగానే తిడతారు. ఎన్నుకోబడిన జనం అంటే గొప్ప అనుకునేవాళ్ళకి ఆమోసు ప్రవక్త అందుకు ఉల్టాగా చెప్పాడు: మిమ్మల్ని ఎంచుకున్నాను కాబట్టే మీ తప్పులకి లెక్క అడుగుతాను అని. కానీ లెక్క అడగడం వేరు, వదిలేయడం వేరు.

గుడి పోయింది, బంధం ఉంది

దీనికి పరీక్ష పుస్తకాల్లో కాదు, చరిత్రలో వచ్చింది. క్రీ.పూ. 586లో బాబిలోన్ సైన్యం యెరూషలేము గుడిని కూల్చేసింది. రాజు లేడు, దేశం లేదు. ఆ రోజుల్లోనే యిర్మీయా ప్రవక్త కొత్త ఒడంబడిక గురించి చెప్పాడు, రాతి మీద కాక మనసుల మీద రాసేది. క్రైస్తవులు దీన్ని యేసు ద్వారా వచ్చిన కొత్త నిబంధనగా చదువుతారు. యూదులు మాత్రం అదే జనంతో అదే బంధం మళ్ళీ చిగురించడంగా చదువుతారు. తమ గ్రంథాన్ని వాళ్ళు "పాత" నిబంధన అనరు, "తనఖ్" అంటారు. యూదు స్నేహితులతో మాట్లాడేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

క్రీ.శ. 70లో రోమన్లు రెండో గుడినీ కూల్చారు. అయినా నిలబడ్డారు. ఎలా? ఒడంబడిక గుర్తులు ఇంట్లోనే ఉన్నాయి కాబట్టి. ముఖ్యమైనది షబ్బాత్. శుక్రవారం సూర్యాస్తమయానికి ముందు దీపాలు వెలిగిస్తారు. శనివారం రాత్రి నక్షత్రాలు కనబడేదాకా పని ఆపేస్తారు. ఆచారం గట్టిగా పాటించే ఇళ్ళలో ఫోన్ కూడా ముట్టరు. రొట్టెకి ఉప్పు అద్దుకుని తింటారు. చెడిపోని ఉప్పులాంటి ఒడంబడిక అనే మాట తోరాలోనే ఉంది. మన దగ్గర కూడా గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో "బెనే ఎఫ్రాయిం" అని చెప్పుకునే చిన్న తెలుగు సమూహం ఉంది. వాళ్ళూ షబ్బాత్ పాటిస్తారు.

అన్నిటికన్నా పెద్ద పరీక్ష 20వ శతాబ్దంలో. నాజీలు దాదాపు 60 లక్షల మంది యూదుల్ని చంపారు. దేవుడు తన మాట నిలబెట్టుకున్నాడా? ఈ ప్రశ్నని యూదులు మింగెయ్యలేదు, గట్టిగానే అడిగారు. కొందరు నమ్మకం వదిలేశారు. రబ్బీ అర్వింగ్ గ్రీన్‌బర్గ్ 1982లో రాసిన వ్యాసంలో ఒక మాట అన్నారు. దాని భావం: ఇంత జరిగాక ఈ ఒడంబడికని ఎవరూ ఆజ్ఞాపించలేరు, ఇప్పుడు యూదులు దాన్ని మోస్తున్నారంటే తమ ఇష్టంతో మోస్తున్నారు. అందరు రబ్బీలూ దీన్ని ఒప్పుకోరు. కానీ ఆ పెట్టెలో పగిలిన ముక్కలకి కూడా చోటుందని నాకు మళ్ళీ అనిపించింది.

మనకీ వాళ్ళకీ

అన్నీ ఒకటే అని చెప్పి తప్పించుకోను. తేడాలున్నాయి. బెరీత్ ప్రధానంగా ఒక జాతి మొత్తంతో, చరిత్రలో జరిగిన బంధం. మన దీక్ష, వ్రతం ఎక్కువగా వ్యక్తి సంకల్పం. విగ్రహారాధనని తోరా గట్టిగా వద్దంటుంది. బంగారు దూడ కథ చదువుతుంటే మనకి కొంచెం ఇబ్బందిగా ఉంటుంది, నిజమే. దీని మీద 2007లో ఢిల్లీలో, 2008లో జెరూసలేంలో హిందూ ఆచార్యులు, యూదు రబ్బీలు కూర్చుని మాట్లాడుకున్నారు. హిందువులు పూజించేది నిరాకారంగానూ సాకారంగానూ ఉన్న ఒకే పరమాత్మని అని 2008 ప్రకటనలో రాసుకున్నారు. తేడా దాచుకోకుండా గౌరవించుకోవడం అంటే ఇదే.

తమ్ముడూ, ఇప్పుడు నీ మాట. యూదుల లెక్కలో చూస్తే నీ 41 రోజులు నెదెర్ లాంటివి, అది తప్పావు. తప్పానని ఒప్పుకో, పెద్దల్ని అడుగు. ఆ 22 రోజులూ పారెయ్యాల్సిన ముక్కలని మాత్రం అనుకోకు. వచ్చే కార్తీకంలో మళ్ళీ మాల వేసుకుంటే, వాటినీ వెంట తీసుకెళ్ళు.

మీరు మధ్యలో ఆపేసిన పని, మాట, నియమం ఏదైనా ఉందా? కామెంట్‌లో రాయండి, లేదా రాయకుండా ఆ మనిషికి ఫోన్ చెయ్యండి. అది ఇంకా మంచిది. వచ్చే వారం షబ్బాత్ మీద పూర్తి వీడియో. అంతవరకు సెలవు. శుభం!